ఫతే మైదానం: ఒక బయలుకు పెట్టిన పేర్లు

హైదరాబాదు బషీర్‌బాగ్‌లో లాల్‌బహదూర్ స్టేడియం ప్రేక్షకుల గ్యాలరీల కింద క్రీడాసామగ్రి అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. ఈ వ్యాసానికి పూనుకున్న తొలిరోజు సాయంత్రం అక్కడ ఒక దుకాణంలో పనిచేస్తున్న కుర్రవాణ్ణి "ఫతే మైదాన్ ఎక్కడ?" అని అడిగాను. అతడు బ్యాట్లకు నూనె రాస్తున్న చేతితోనే పక్కకు చూపి, "అగో, ఆ క్లబ్బు సార్" అన్నాడు. అతడు చూపింది ఫతే మైదాన్ క్లబ్బు. అతని వెనుక గోడకు ఆవల ఉన్న మైదానం అతని దృష్టిలో 'ఎల్బీ స్టేడియం' మాత్రమే.

ఆ జవాబులో తప్పేమీ లేదు. స్థలానికున్న పేరు స్థలాన్ని విడిచి పక్కనున్న సంస్థను ఆశ్రయించింది. స్థలనామ పరిశోధకులకు ఇది కొత్త విషయం కాదు. చెరువు పూడిపోయినా దాని పేరు కాలనీకి మిగలడం, కోట కూలిపోయినా దర్వాజా పేరు బస్సు నిలిచే చోటుకు మిగలడం హైదరాబాదులో నిత్యం చూసేదే. అయితే ఫతే మైదానం విషయంలో స్థలం పోలేదు. అది ఉన్నచోటనే ఉంది, ఖాళీగానే ఉంది, నేటికీ అక్కడ ఆట సాగుతూనే ఉంది. మారినది పేరు. అదీ ఒక్కసారి మారి ఊరుకోలేదు. అధికారికంగా ఒకసారి మారింది. సభల సందర్భంగా నాలుగు రోజులకో వారానికో పలుమార్లు మారింది. ఈ మైదానాన్ని గురించి ఇంతవరకు వచ్చిన రాతలు ఎక్కువగా క్రికెట్ గణాంకాల చుట్టూ తిరిగాయి. ఆ గణాంకాలు అవసరమే. కాని ఈ స్థలచరిత్రను దాని నామచరిత్రగా చదివినప్పుడు మాత్రమే, ఇక్కడికి ఎవరు రాగలిగారు, ఎవరి కోసం దీని తలుపులు తెరుచుకున్నాయి అనే ప్రశ్న ముందుకు వస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకే పరిమితం.

గెలిచినవాడి మాట

'ఫతే' అనే మాటకు విజయమని అర్థం చెప్పుకుంటాం. అరబ్బీలో దాని ధాతువుకు మూలార్థం 'తెరవడం'. తెరవడం నుండి కోట తలుపులు తెరిపించడం, దాని నుండి జయించడం అనే అర్థవిస్తరణ జరిగింది. పారశీకం ద్వారా దక్కనుకు చేరేసరికి జయమనే అర్థమే ముఖ్యమై మూలార్థం మరుగున పడింది. ఆ మూలార్థాన్ని గుర్తుచేయడం భాషాశాస్త్ర వినోదం కోసం కాదు. 1687లో గోలకొండలో జరిగినది అక్షరాలా అదే.

ఔరంగజేబు సైన్యాలు ఆ యేడాది ఆరంభంలో గోలకొండను ముట్టడించాయి. సుమారు ఎనిమిది నెలలు కోట లొంగలేదు. మొఘలు ఫిరంగులు, సొరంగాలు, ఎక్కుడు నిచ్చెనలు సాధించలేని పనిని సెప్టెంబరులో ఒక రాత్రి లోపలివాడు తీసిన తలుపు సాధించింది. అబుల్ హసన్ తానీషా బందీ అయ్యాడు, కుతుబ్‌షాహీ పాలన ముగిసింది. కోటలో మొఘలులు ప్రవేశించిన ద్వారానికి ఫతే దర్వాజా అనే పేరు స్థిరపడింది. నగరం వెలుపల వారి సైన్యం విడిది చేసిందని చెప్పుకునే బయలుకు ఫతే మైదానం అనే పేరు వచ్చింది. దగ్గరలోనే ఉన్న నౌబత్ పహాడ్ మీద నౌబత్తు మోగించి పాదుషా ఫర్మానాలను చాటేవారని స్థానిక ఐతిహ్యం. నేడు ఆ కొండమీద బిర్లా మందిరం ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఓడిన నగరమే తన ఓటమిని తెలిపే పేరును రెండువందల డెబ్బై యేళ్లకు పైగా వాడుకున్నది. తానీషాను రామదాసు కథ ద్వారా, అక్కన్న మాదన్నల కథ ద్వారా ఆత్మీయంగా తలచుకునే తెలుగువారు, అతణ్ణి ఓడించినవాడి విజయాన్ని చాటే పేరును మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పలికారు. దీనిని చారిత్రక విస్మృతి అని కొట్టివేయడం సులభం. నాకు తోచినంతలో ఇది విస్మృతి కాదు. పేరు కొంతకాలం గడిచాక తన కారణాన్ని విడిచిపెడుతుంది. ఫతే మైదానం అన్నవారికి ఎవరి ఫతే అన్న ప్రశ్న రాలేదు. మైదానం మాత్రమే కనిపించింది.

ఆ 'మైదానం' అనే మాట సంగతీ అంతే. అరబ్బీ పారశీకాల నుండి వచ్చిన ఈ మాట తెలుగులో ఎంతగా ఇంకిపోయిందంటే చలం తన నవలకు దానినే శీర్షికగా పెట్టాడు, భూగోళ పాఠ్యపుస్తకాలు సముద్రతీర సమతలాన్ని తీరమైదానం అన్నాయి. ఉర్దూ పారశీక పదాలు తెలంగాణ తెలుగుకే పరిమితమన్న వాదానికి ఈ ఒక్క మాట చాలు సమాధానంగా. తెలుగులో దీనికి సాటిగా 'బయలు' ఉంది. బయలుదేరడం, బయలుపడడం, బట్టబయలు మొదలైన వాడుకలన్నిటిలో మూసినదాని నుండి వెలికి రావడమే ప్రధానార్థం. 'ఫతే'కు తెరవడం మూలార్థం, 'బయలు'కు తెరపి మూలార్థం. రెండూ ఒకేచోట కలవడం కాకతాళీయమే అయినా, ఈ స్థలం గురించి ఆలోచించడానికి పనికివచ్చే కాకతాళీయం.

అసఫ్‌జాహీల కాలంలో ఈ మైదానం కవాతులకు, పోలో ఆటకు వేదికైంది. సైన్యం విడిది చేసిన చోట సైన్యం కవాతు చేయడం సహజ పరిణామమే. జనం అంచున నిలబడి చూశారు. అంచు దాటి లోపలికి రావడం మరో శతాబ్దపు కథ.

రెండు టెస్టులు, రెండు సందర్భాలు

1955 నవంబరు 19న భారత, న్యూజిలాండ్ జట్ల మధ్య మొట్టమొదటి టెస్టు మ్యాచ్ ఫతే మైదానంలో మొదలైంది. ఈ మైదానానికీ అదే తొలి టెస్టు. భారత జట్టుకు నాయకుడు హైదరాబాదువాడే అయిన గులాం అహ్మద్. పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన తొలి ద్విశతకం అది. విజయ్ మంజ్రేకర్ 118, తొలి టెస్టు ఆడుతున్న కృపాల్ సింగ్ అజేయంగా 100 చేశారు. భారత జట్టు 4 వికెట్లకు 498 పరుగుల వద్ద ఇన్నింగ్స్ ముగించింది. సుభాష్ గుప్తే 128 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. అయినా రెండో ఇన్నింగ్స్‌లో బెర్ట్ సట్‌క్లిఫ్ 137 పరుగులతో అజేయంగా నిలవడంతో మ్యాచ్ ఫలితం తేలలేదు.

క్రికెట్ చరిత్ర ఇక్కడితో ఆగుతుంది. స్థలచరిత్రకు ఇంకొక విషయం కావాలి. ఆ నవంబరులో హైదరాబాదు ఇంకా ప్రత్యేక రాష్ట్రమే. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా ప్రత్యేకంగా ఉంచడమే మేలని ఆ నివేదిక అభిప్రాయపడింది. విశాలాంధ్ర కావాలా, ప్రత్యేక తెలంగాణ కావాలా అన్న వాదోపవాదాల నడుమ ఈ అయిదు రోజుల ఆట సాగింది. మూడు నెలలకు పెద్దమనుషుల ఒప్పందం, ఏడాది తిరగకముందే 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ. అంటే ఈ మైదానంలో తొలి టెస్టును చూసినవారు ఏ రాష్ట్ర పౌరులుగా చూశారో, మరుసటి టెస్టునాటికి ఆ రాష్ట్రం లేదు.

ఒక ఆసక్తికరమైన వైరుధ్యాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. రాష్ట్రం ఒకటైనా క్రికెట్ ఒకటి కాలేదు. రంజీ పోటీల్లో హైదరాబాదు జట్టు 1934-35 నుండి, ఆంధ్ర జట్టు 1953-54 నుండి వేర్వేరుగా ఆడుతూ వచ్చాయి. ఒకే రాష్ట్రంగా గడిచిన 58 యేళ్లలోనూ అవి రెండుగానే ఉన్నాయి. 1986-87లో రంజీ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్ కాదు, హైదరాబాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఎన్నెన్నో సంస్థలను పంచుకోవలసి వచ్చింది గాని, క్రికెట్‌లో పంచుకోవలసిన జట్టు లేదు. ఫుట్‌బాల్ దారి వేరు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకు ఆటగాళ్లను ఇచ్చిన ఈ నగరం వేరే వ్యాసానికి తగిన విషయం. ఆ ఆటగాళ్ల జ్ఞాపకాలు చాలావరకు నోటిమాటగానే మిగిలిపోయాయన్నది మన పరిశోధన లోపం.

రెండో టెస్టు 1969 అక్టోబరులో. అప్పటికి మైదానం పేరు మారింది. ప్రధానిగా ఉండగా 1966 జనవరిలో తాష్కెంటులో మరణించిన లాల్‌బహదూర్ శాస్త్రి స్మృత్యర్థం 1967లో దీనికి ఆయన పేరు పెట్టారు. మళ్లీ న్యూజిలాండే ప్రత్యర్థి. తొలి ఇన్నింగ్స్‌లో భారత జట్టు 89 పరుగులకే కూలింది. ప్రేక్షకుల్లో అల్లరి చెలరేగి ఆట ఆగింది. చివరకు 268 పరుగుల లక్ష్యంతో బరిలోకి దిగి 7 వికెట్లకు 76 పరుగులతో ఓటమి అంచున ఉన్న జట్టును వాన కాపాడింది. ఆ యేడాది ఆరంభం నుండి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నగరాన్ని కుదిపివేసిందన్నది తెలిసినదే. ప్రేక్షకుల కోపాన్ని ఆ ఉద్యమంతో ముడిపెట్టాలన్న ఆశ పరిశోధకునికి కలుగుతుంది. దానికి ఆధారం లేదు. ఓడిపోతున్న జట్టును చూసి, పోలీసు కర్రను చూసి రెచ్చిపోవడానికి ఉద్యమం అవసరం లేదు. చెప్పగలిగింది ఒక్కటే: అంచున నిలబడి చూడవలసిన జనం అంచు దాటడమనే దృశ్యం ఆ యేడు వీధిలోనూ కనిపించింది, మైదానంలోనూ కనిపించింది.

'బహదూర్' అన్న మాట

1967 నాటి నామకరణాన్ని మొఘలు జ్ఞాపకాన్ని తుడిచి జాతీయ జ్ఞాపకాన్ని నిలపడంగా చదివేవారున్నారు. పేరును విడదీసి చూస్తే సంగతి అంత సూటిగా లేదు. 'బహదూర్' తుర్కీ-మంగోలు మూలం నుండి పారశీకం ద్వారా వచ్చిన మాట, వీరుడని అర్థం. మొఘలులు, అసఫ్‌జాహీలు తమ ఉమరాలకు ఇచ్చిన బిరుదుల్లో అది సర్వసాధారణం. ఆంగ్లేయులు దానిని అందిపుచ్చుకుని రావుబహద్దరు బిరుదులు ఇచ్చారు. కందుకూరి వీరేశలింగానికి దక్కినది అదే. ఫతే పోయి బహదూర్ వచ్చింది. విజయం స్థానంలో వీరుడు వచ్చాడు. పదజాలం మాత్రం అదే దర్బారుది.

మరొక ముచ్చట. 'శాస్త్రి' ఆయనకు కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా. కులాన్ని తెలిపే ఇంటిపేరును విడిచిపెట్టిన వ్యక్తికి అది చదువుతో వచ్చిన పేరు. తెలుగునాట ఆ మాటకు ఉన్న సామాజిక స్ఫురణ వేరు. మనవారి వాడుకలో స్టేడియం పేరు నుండి మొదట జారిపోయినది ఆ శాస్త్రే. లాల్‌బహదూర్ స్టేడియం అయింది, ఆపైన ఎల్బీ స్టేడియం అయింది. రెండక్షరాలుగా కుదించాక అది ఎవరి స్మృతో గుర్తుచేసే శక్తి ఆ పేరుకు చాలావరకు తగ్గిపోయింది. ఫతేకు మూడు శతాబ్దాల్లో జరిగినది ఈ పేరుకు అరశతాబ్దిలోనే జరిగింది.

సభ కోసం పెట్టిన పేర్లు

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ మైదానంతో నేరుగా సంబంధం కలిగేది 1975లో. ఏప్రిల్ 12 నుండి 18 వరకు మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. విద్యామంత్రి మండలి వెంకటకృష్ణారావు సభల నిర్వహణకు ప్రాణంపోశారు. శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగుతల్లి గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి పాడిన వేదిక అదే. ఆ వారం రోజులకు ఈ ప్రాంగణాన్ని కాకతీయ నగరం అన్నారు.

ఆ పేరు ఎంపిక యాదృచ్ఛికం కాదు. 1969 ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం, రాష్ట్రపతి పాలన, ఆరుసూత్రాల పథకం ముగిసి ఏడాదిన్నర మాత్రమే అయింది. విడిపోవాలని రెండు ప్రాంతాలూ వంతులవారీగా కోరిన రాష్ట్రానికి భాష ఒక్కటే అతుకు. ఓరుగల్లు రాజధానిగా తెలంగాణనూ తీరాంధ్రాన్నీ కలిపి ఏలిన కాకతీయుల పేరు ఆ అతుకుకు పనికివచ్చింది. తెలంగాణ రాజధానీ, సమైక్య పాలనా రెండూ ఆ ఒక్క పేరులో ఇమిడాయి. ఫతే పేరు పెట్టినవాడు గెలిచాక పెట్టాడు. కాకతీయ నగరమన్న పేరు పెట్టినవారు ఇంకా గెలవలేదు; గెలవాలన్న కోరికతో పెట్టారు.

ఎనిమిదేళ్లకు 1983 జనవరి 9న నందమూరి తారకరామారావు ముఖ్యమంత్రిగా ఇక్కడ ప్రమాణ స్వీకారం చేశారు. రాజ్‌భవన్ గోడల మధ్య ఆహ్వానితుల ముందు జరిగే తంతును ఆయన బయలుకు తెచ్చారు. దీనిని నటుని ప్రదర్శనాభిలాషగా వ్యాఖ్యానించినవారున్నారు. కొంత నిజమే కావచ్చు. అయినా ఒక విషయం గమనించాలి: ప్రమాణం చేసే వ్యక్తి ఎవరి ఎదుట చేస్తున్నాడన్నది తంతులో భాగమే. జనాన్ని అంచున నిలిపి కవాతు చేసిన చోటనే అధికారం జనం ముందు నిలబడి మాట ఇచ్చింది. పదమూడేళ్లకు, 1996 జనవరిలో ఆయన పార్థివదేహాన్ని జనం చివరిసారి చూడడానికి ఉంచినదీ ఇక్కడే. ఆ తరువాత 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, తెలంగాణ ఏర్పడ్డాక 2023 డిసెంబరు 7న ఎ. రేవంత్‌రెడ్డి ఈ మైదానంలోనే ప్రమాణం చేశారు. పార్టీలు వేరు, రాష్ట్రాలు వేరు, ఆనవాయితీ నిలిచింది.

2013 సెప్టెంబరు 7న రాష్ట్ర విభజనను వ్యతిరేకిస్తూ ఉద్యోగ సంఘాలు 'సేవ్ ఆంధ్రప్రదేశ్' సభను ఇక్కడ జరిపాయి. అదే రోజున తెలంగాణవాదులు బంద్ పాటించారు. లోపల ఒక నినాదం, వెలుపల మరొక నినాదం. గోడ ఇటువైపు నిలబడితే ఒక రాష్ట్రం, అటువైపు నిలబడితే మరొక రాష్ట్రం అన్నట్లుండిన ఆ రోజు ఈ స్థలచరిత్రలో అత్యంత బరువైన రోజని నా అభిప్రాయం. ఆ సభను అభిమానించేవారికీ నిరసించేవారికీ ఈ మైదానమే ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. నగరం ఎవరిదన్న తగాదాలో నగర మధ్యంలోని బయలు ఎవరికి దొరికిందన్నదే సాక్ష్యం కనుక అని నా జవాబు.

రాష్ట్రం ఏర్పడ్డాక 2016 అక్టోబరులో వేలమంది స్త్రీలు ఈ మైదానంలో మహాబతుకమ్మ ఆడారు. ఇక్కడ 'ఆడారు' అన్న క్రియను గమనించాలి. తెలుగులో క్రికెట్టూ ఆటే, బతుకమ్మా ఆటే, వీధినాటకమూ ఆటే. సినిమాహాలులో మొదటి ఆట, రెండో ఆట అంటాం. క్రీడాస్థలంలో సాంస్కృతిక కార్యక్రమాలేమిటని ఆక్షేపించే వ్యాఖ్యలు అప్పుడప్పుడు పత్రికల్లో కనిపిస్తాయి. ఆటగాళ్లకు మైదానం అందకుండాపోతుందన్న మేరకు ఆ ఆక్షేపణ న్యాయమైనదే. పచ్చికలో పందిరి గుంజలు పాతితే నష్టపోయేది ఉదయాన్నే సాధనకు వచ్చే పిల్లలే. కాని ఆటకూ సంస్కృతికీ మధ్య గీసే ఆ గీత మన భాషలో లేదు. 'స్పోర్ట్స్', 'కల్చరల్' అన్న పాలనావిభాగాల నుండి దిగుమతి అయినది.

2017 డిసెంబరు 15 నుండి 19 వరకు ప్రపంచ తెలుగు మహాసభలు తిరిగి ఇదే మైదానానికి వచ్చాయి. ప్రాంగణానికి పాల్కురికి సోమనాథుని పేరు, వేదికకు బమ్మెర పోతన పేరు పెట్టారు. 1975లో ఇరుప్రాంతాలను ఏలిన రాజవంశం. 2017లో తెలంగాణ నేలన పుట్టిన ఇద్దరు కవులు. నాలుగు దశాబ్దాల రాజకీయ చరిత్ర అంతా ఈ రెండు నామకరణాల మధ్య ఉంది. రాజుల పేరు నుండి కవుల పేరుకు మారడం సాహిత్యాభిమానులకు సంతోషం కలిగించేదే. కృతిని రాజుకు అంకితమివ్వనన్నాడని లోకం కథలుగా చెప్పుకునే పోతన, ప్రభుత్వం కట్టిన వేదికకు పేరు కావడంలోని విడ్డూరాన్ని ఆ సభల్లో పాల్గొన్నవారు నవ్వుకుంటూ చెప్పుకోగా విన్నాను.

ఆట తరలిపోయాక

క్రికెట్ విషయంలో ఈ మైదానం వెలుగు ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా సాగింది. 1983 సెప్టెంబరులో, ప్రపంచ కప్పు గెలిచిన కొన్ని వారాలకే భారత జట్టు ఇక్కడ పాకిస్థాన్‌ను 4 వికెట్ల తేడాతో ఓడించింది. 1987 మార్చిలో అదే జట్ల మధ్య పరుగులు సమమై, తక్కువ వికెట్లు కోల్పోయినందుకు భారత్ గెలిచింది. 1988 డిసెంబరులో మూడవదీ చివరిదీ అయిన టెస్టు. 1955లో తేలని, 1969లో వాన తేల్చనీయని పోటీ ఈసారి తేలింది: న్యూజిలాండ్‌పై 10 వికెట్ల విజయం. మైదానంలో జరిగిన మూడు టెస్టులూ ఒకే ప్రత్యర్థితో జరగడం విశేషం. 1999 నవంబరు 8న సచిన్ తెందూల్కర్ అజేయంగా 186, రాహుల్ ద్రవిడ్ 153 చేసి రెండో వికెట్‌కు 331 పరుగులు జోడించినదీ న్యూజిలాండ్ మీదనే. 2003 నవంబరులో ఇక్కడ జరిగిన చివరి అంతర్జాతీయ వన్డేలోనూ ఆ జట్టే. 2005 నుండి పెద్ద ఆటలు ఉప్పల్‌కు తరలిపోయాయి.

తరలిపోవడానికి కారణం తెలిసినదే. నగరం నడిబొడ్డున, ఒకపక్క నిజాం కళాశాల, మరోపక్క బషీర్‌బాగ్ కూడలి, దగ్గరలోనే శాసనసభ ఉన్నచోట వేల వాహనాలు నిలపడానికి చోటు లేదు. అయితే సభకు ఈ స్థలాన్ని యోగ్యం చేసినదీ ఆ నడిబొడ్డుతనమే. నాంపల్లి స్టేషనులో రైలు దిగిన మనిషి నడిచి రాగలిగిన బయలు ఇది. ఉప్పల్‌లో టిక్కెట్టు కొన్నవారు కూర్చుంటారు. ఇక్కడికి టిక్కెట్టు లేనివారు రావడం అలవాటైంది.

నేను వెళ్లిన సాయంత్రం మైదానంలో మ్యాచ్ ఏదీ లేదు. నెట్ల దగ్గర పదేళ్లలోపు పిల్లలు బరువైన కిట్ బ్యాగులను ఈడ్చుకుంటూ వంతు కోసం నిలబడి ఉన్నారు. తల్లులు గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. కొన్ని మెట్లకు పగుళ్లు. ఎక్కడా 223 గురించిన ఒక ఫలకం నాకు కనబడలేదు, 1975 గురించి కూడా. బయటికి వస్తూ ఒక పిల్లవాణ్ణి మీ గ్రౌండు పేరేమిటని అడిగాను. "గ్రౌండే అంకుల్" అని, బంతి పిలుపు విని పరుగెత్తాడు.